వింపోలు వీథి లేఖలు: ఒక ప్రణయచరిత్ర నాటకమైన విధము

రుక్మిణీ కల్యాణ ఘట్టము ఎఱుగని తెలుగువారుండరు. అన్నకు ఇష్టములేని వరుని మనసున నిలుపుకొన్న రాచకన్య అగ్నిద్యోతనుడను బ్రాహ్మణునిచేత సందేశమంపుటయు, ఆ సందేశమే కథను నడిపించుటయు పోతనామాత్యుని భాగవతము విన్నవారందరికిని తెలిసినదే. హరికథకులు, నాటకకర్తలు ఆ సందేశమును తమ తమ నేర్పుకొలది పెంచి, పాడి, ఆడించిరి. పురాణకథ యగుటచే వారినెవ్వరును ఆక్షేపింపలేదు. కాని నిజముగా జీవించిన ఇద్దరు మనుష్యులు, పరులెవ్వరును చూడరను నమ్మకముతో వ్రాసికొన్న ఉత్తరములు తరువాతి కాలమువారి చేతికి చిక్కినప్పుడు, వానిని రంగస్థలముపైకి ఎక్కించువానికి ఎంతటి స్వేచ్ఛ కలదు? ఆ ఉత్తరములు వ్రాసినవారును, వానియందు నిందింపబడినవారును గతించిన పిమ్మట వారి పక్షమున మాటాడువారెవరు? ఈ ప్రశ్నలకు ఆంగ్ల సాహిత్య చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణము కలదు. అది రాబర్టు బ్రౌనింగు, ఎలిజబెత్తు బ్యారెట్టు అను ఇరువురు కవుల ప్రణయగాథ.

తెలుగు నిఘంటువును కూర్చిన బ్రౌను దొర వేరు, ఈ బ్రౌనింగు వేరు. పేరులోని పోలికవలన భ్రమపడరాదు. రాబర్టు బ్రౌనింగు 1812 మే 7వ తేదీన లండనునకు దక్షిణముననున్న క్యాంబర్వెల్లులో జన్మించెను. తండ్రి బ్యాంకు ఆఫ్ ఇంగ్లండులో గుమాస్తా. పుస్తకములయందు మిక్కిలి ప్రీతి కలవాడు. కుమారుని చదువు చాలవరకు ఆ యింటి పుస్తకముల నడుమనే సాగెను. రాబర్టు 1840లో ప్రకటించిన ‘సార్డెల్లో’ అను కావ్యము చదువరులకు కొఱుకుడు పడకపోవుటచే అతనికి కీర్తికంటె అపహాస్యమే యెక్కువగా లభించెను.

ఎలిజబెత్తు అతనికంటె ఆరేండ్లు పెద్ద. ఆమె 1806 మార్చి 6వ తేదీన డర్హాము మండలమున జన్మించి, హోప్ ఎండ్ అను పల్లెటూరి భవనమున పెరిగెను. తండ్రి ఎడ్వర్డు మౌల్టన్ బ్యారెట్టు. పండ్రెండుగురు సంతానములో ఆమె పెద్దది. ఆ కుటుంబపు సంపద జమైకా ద్వీపమందలి చెఱకు తోటలనుండి, అనగా బానిసల శ్రమనుండి, వచ్చినది. ఆమె చిన్ననాటనే గ్రీకు భాష నభ్యసించెను. పదునాలుగవయేట ఆమె వ్రాసిన మారథాను యుద్ధకావ్యమును తండ్రియే తన సొమ్ముతో 1820లో ఏబది ప్రతులు అచ్చువేయించెను. ఈ సంగతి గుర్తుంచుకొనవలసియున్నది. తరువాతి కథలో కఠినుడుగా కనుపించు ఈ తండ్రియే కుమార్తె కవిత్వమునకు మొదటి ప్రోత్సాహకుడు. 1844లో ఆమె కీర్తిని దేశమంతట వ్యాపింపజేసిన రెండు సంపుటముల కవితలను ఆమె ఆ తండ్రికే అంకితమొసగెను.

పదునైదవ యేట మొదలైన జబ్బు ఆమెను వదలలేదు. వైద్యులు నల్లమందు ద్రావకమును అలవాటు చేసిరి. 1828లో తల్లి మరణించెను. ఆస్తులు తగ్గుటచే 1832లో హోప్ ఎండును అమ్మవలసి వచ్చెను. 1840లో ఒక తమ్ముడు జమైకాలో జ్వరముచే మరణించగా, అదే యేడు జూలైలో మిక్కిలి ప్రియమైన మరియొక తమ్ముడు టోర్కీ సముద్రమున పడవ మునిగి పోయెను. తనకు తోడుగా ఉండుటకే అతడు అచ్చట నిలిచిపోయెను గనుక ఆ మరణమునకు తానే కారణమను బాధ ఆమెను జీవితాంతము వెన్నాడెను. 1841లో ఆమె లండనులోని 50వ నంబరు వింపోలు వీథి గృహమునకు తిరిగివచ్చి, మేడమీది గదిలో సోఫాపై పరుండి కాలము గడపుచుండెను. పుస్తకములు, తపాలా, ఒక స్నేహితురాలు కానుకగా నిచ్చిన ఫ్లష్ అను కుక్క, ఇవియే ఆమె లోకము. ఆ యింట ఒక శాసనము కలదు. కుమారులు గాని కుమార్తెలు గాని వివాహమాడరాదు. అందుకు కారణమేమని అడుగువారును, చెప్పువారును ఆ యింట లేకుండిరి.

1844 నాటి తన సంపుటములో ఎలిజబెత్తు సమకాలిక కవులను పేర్కొనుచు బ్రౌనింగు కావ్యమునుగూర్చి ప్రశంసగా ఒక మాట వ్రాసెను. ఉభయులకును మిత్రుడైన జాన్ కెన్యన్ ప్రోత్సహింపగా బ్రౌనింగు 1845 జనవరి 10వ తేదీన ఆమెకు మొదటి ఉత్తరము వ్రాసెను. ఆమె కవిత్వమును హృదయపూర్వకముగా ప్రేమించుచున్నాననియు, ఆమెను కూడ ప్రేమించుచున్నాననియు, ఇంకను చూడనైనలేని మనిషికి అతడు వ్రాసెను. మరునాడే ఆమె ప్రత్యుత్తరమిచ్చెను.

ఇచ్చట తపాలానుగూర్చి కొంచెము చెప్పుట అవసరము. అంతకు సరిగా ఐదేండ్లు ముందు, 1840 జనవరి 10వ తేదీననే, ఇంగ్లండున ఒక పెన్నీ రుసుముతో దేశమున ఎచ్చటికైనను ఉత్తరమంపు పద్ధతి ప్రారంభమయ్యెను. అంతకు పూర్వము దూరమునుబట్టి రుసుము. అదియు సాధారణముగా ఉత్తరము అందుకొన్నవారే చెల్లింపవలసియుండెను. లండను నగరమున రోజునకు పెక్కు పర్యాయములు ఉత్తరములు బట్వాడా అగుచుండెను. ఉదయము వేసిన ఉత్తరము సాయంకాలమునకు చేరెడిది. మన దేశమున ఇట్టి సదుపాయము అర్ధణా బిళ్లతో 1854లో ఏర్పడెను. రుక్మిణికి అగ్నిద్యోతనుడెట్లో, వింపోలు వీథిలోని ఆ రోగిణికి తపాలా జవాను అట్లు. ఆ తలుపునకమర్చిన ఇత్తడి రంధ్రము గుండ ఉత్తరములు లోనికి వచ్చుచుండగా ఆ యింటి కట్టుబాటు వానిని ఆపజాలకపోయెను.

నాలుగు నెలలు వారు ఉత్తరములతోనే గడపిరి. తనను చూచిన అతడు నిరాశ చెందునని ఆమె జంకెను. తుదకు 1845 మే 20వ తేదీ మధ్యాహ్నము బ్రౌనింగు ఆ గదిలో మొదటిసారి అడుగుపెట్టెను. అప్పటికి ఆమెకు 39 ఏండ్లు, అతనికి 33. ఇంటికి పోయిన వెంటనే అతడు తన ప్రేమను తెలుపుచు ఒక ఉత్తరము వ్రాసెను. ఆమె కలతచెంది, ఇట్టి మాట మరల ఎత్తినచో ఇక చూడజాలనని వ్రాసి, ఆ ఉత్తరమును అతనికే త్రిప్పి పంపెను. అతడు దానిని నాశనము చేసెను. వారి ప్రణయ లేఖలలో లోకమునకు దక్కనిది ఆ ఒక్క ఉత్తరమే. కథకు ప్రాణమైన ఉత్తరమే లేకపోవుట చరిత్రకారునికి లోటు; నాటకకర్తకు మాత్రము తెఱచియుంచిన తలుపు.

అటుపిమ్మట వారానికొకటి రెండు పర్యాయములు, తండ్రి యింటలేని మధ్యాహ్న సమయమున, బ్రౌనింగు వచ్చిపోవుచుండెను. ప్రతి దర్శనమునకు పిమ్మట అతడు ఆమె ఉత్తరపు కవరుమీద దాని సంఖ్యను, తేదీని, గడపిన కాలమును గుర్తువేసికొనుచుండెను. వివాహమునకు ముందు ఆ సంఖ్య 91కి చేరెను. ఉత్తరముల సంఖ్య 573. రమారమి ఇరువది నెలలలో ఇద్దరు మనుష్యులు వ్రాసికొన్నవి అవి. ఆ కాలముననే ఆమె రహస్యముగా నలువది నాలుగు సానెట్లు రచించెను. వానిని 1849 వరకు అతనికైనను చూపలేదు. 1850లో అచ్చైనప్పుడు కూడ స్వంత హృదయమని తెలియనీయక, పోర్చుగీసు భాషనుండి వచ్చినవన్నట్లు పేరు పెట్టిరి.

1845 శరత్కాలమున ఆమె ఆరోగ్యమునకై శీతకాలము ఇటలీలోని పీసాలో గడపుట మేలని వైద్యులు సలహా ఇచ్చిరి. తండ్రి అంగీకరింపలేదు. నిషేధముకంటె ఆ నిషేధములోని ఉదాసీనత ఆమెను ఎక్కువగా నొప్పించెను. తన ప్రాణముకంటె తన విధేయతయే తండ్రికి ముఖ్యమని ఆమె అప్పుడు గ్రహించెను. ఆ కాలముననే బ్రౌనింగు ప్రేమకు ఆమె మనసు లొంగెను. మరియొక ఉత్తరమున ఆమె తన చెల్లెలు హెన్రియెట్టాకు కొన్నేండ్ల క్రిందట జరిగిన అవమానమును వర్ణించెను. వివాహ విషయమున తండ్రి అనుమతి కోరిన ఆ చెల్లెలు మోకాళ్లపై పడి వేడుకొనవలసి వచ్చినదనియు, ఆమెను మూర్ఛావస్థలో గదినుండి మోసికొనిపోయిరనియు, చూచుచున్న తాను కూడ స్పృహతప్పి పడితిననియు అందు కలదు. తండ్రి కాఠిన్యమునకు ఇది చూచినవారి సాక్ష్యము.

1846 సెప్టెంబరు మొదటి దినములలో ఫ్లష్ దొంగలపాలయ్యెను. ధనవంతుల కుక్కలనెత్తుకొనిపోయి సొమ్ము గుంజు ముఠాలు ఆనాడు లండనులో ఉండెను. ఇట్టి దుర్మార్గులకు ఒక్క కాసైనను ఈయరాదని బ్రౌనింగు వాదించెను. ఇటలీలో బందిపోట్లు నన్నే యెత్తుకొనిపోయినచో అప్పుడును ఇట్లే వాదింతురా యని ఆమె అడిగెను. ఏండ్ల తరబడి గడప దాటుటకు జంకిన ఆ రోగిణి దాసి విల్సనును వెంటబెట్టుకొని, బండిలో షోర్‌డిచ్ అను దొంగలపేటకు స్వయముగా పోయెను. తుదకు ఆరు గినీలు చెల్లించి కుక్కను విడిపించుకొనెను. ఒక వారములో చేయబోవు సాహసమునకు అది అభ్యాసమువలెనుండెను.

అంతలో తండ్రి ఇంటికి మరమ్మతులు చేయించుటకై కుటుంబమునంతటిని పల్లెకు పంపదలచెను. ఇక ఆలస్యమైనచో కలయిక అసాధ్యము. సెప్టెంబరు 12వ తేదీన ఆమె విల్సనుతో బయలుదేరెను. దారిలో స్పృహతప్పునట్లుండగా మందుల దుకాణమున ఉత్తేజకౌషధము తీసికొనెను. మేరిల్‌బోను దేవాలయమున ఇద్దరు సాక్షుల యెదుట వివాహము జరిగెను. ఒక సాక్షి ఆ దాసియే. రెండవవాడు బ్రౌనింగునకు బంధువు. పిమ్మట ఆమె తనకు గ్రీకు నేర్చుటలో తోడ్పడిన అంధ పండితుడు బాయిడు ఇంట విశ్రమించి, ఉంగరము తీసివేసి, తండ్రి యింటికే తిరిగిపోయెను.

ఆ వారము దినములు వారు ఒకరినొకరు చూడలేదు. అబద్ధమాడవలసి వచ్చునను సంకోచముచే బ్రౌనింగు ఆ యింటికి రాలేదు. శ్రీమతి బ్రౌనింగు ఉన్నారా యని అడుగజాలడు, మిస్ బ్యారెట్టు ఉన్నదా యని అడుగ మనసొప్పదు. ఆ దినములలో అతడు తొందరపాటున రైళ్ల వేళలను తారుమారుగా వ్రాయగా, పరుండి యుండెడి రోగిణియే వానిని సరిదిద్దవలసి వచ్చెను. 19వ తేదీ సాయంకాలము ఆమె ఫ్లషును, విల్సనును వెంటబెట్టుకొని ఇల్లు వెడలి, హాడ్జ్‌సన్ అను పుస్తకముల అంగడిలో భర్తను కలిసికొనెను. అచ్చటినుండి రైలులో సౌతాంప్టనునకును, ఓడలో ఫ్రాన్సునకును, తుదకు ఇటలీకిని వారు చేరిరి. అంతటితో ఉత్తరములు ఆగిపోయెను. ఆమె మరణించువరకు వారు ఎడబాయలేదు గనుక మరల వ్రాసికొనవలసిన పని లేకపోయెను.

తండ్రి క్షమింపలేదు. కుమార్తె మరణించినట్లే భావించెను. 1850లో హెన్రియెట్టా, 1855లో కుమారుడు ఆల్ఫ్రెడు వివాహమాడగా వారిని కూడ వారసత్వమునకు దూరము చేసెను. ఎలిజబెత్తు ఇటలీనుండి క్షమ వేడుచు వ్రాసిన ఉత్తరములకు జవాబు లేదు. 1851లో ఆ దంపతులు లండను వచ్చి మరల ప్రార్థింపగా, ఆ ఉత్తరములన్నియు ఒక కట్టగా తిరిగివచ్చెను. ముద్రలు చిట్లలేదు, ఒక్కదానినైనను తండ్రి విప్పి చూడలేదు. ఆయన 1857లో గతించెను. ఎలిజబెత్తు 1861 జూన్ 29వ తేదీన ఫ్లోరెన్సులో మరణించెను. బ్రౌనింగు 1889 వరకు జీవించి, వెస్టుమినిస్టరు ఆబీలో సమాధి గౌరవము పొందెను.

ఇక ఆ ఉత్తరముల చరిత్ర. బ్రౌనింగు తన ఆంతరంగిక జీవితమును లోకమునకు చూపుట కిష్టపడనివాడు. కవి తన యింటి తలుపులు తెఱచి చూపనక్కరలేదను భావముతో 1876లో ఒక పద్యమే వ్రాసెను. వార్ధక్యమున తన ఉత్తర ప్రత్యుత్తరములను దాదాపుగా అన్నింటిని తగులబెట్టెను. కాని ఈ ఉత్తరములను మాత్రము వరుసగా సంఖ్యలు వేసి, వానికి సరిగా సరిపోవు నగిషీ పెట్టెలో భద్రపరచెను. తన మరణానంతరము వానిని నీ యిష్టము వచ్చినట్లు చేసికొనుమని కుమారునితో చెప్పెను. తగులబెట్టుటకు చేతులు రాలేదు. ప్రకటింపుమనుటకు నోరు రాలేదు.

ఎలిజబెత్తు అభిప్రాయము వేరు. తన ఉత్తరములన్నియు తగులబెట్టుడని స్నేహితులను నిర్బంధించిన హారియట్ మార్టినో అను రచయిత్రినిగూర్చి 1846లో బ్రౌనింగునకు వ్రాయుచు, జీవితచరిత్రలో మిక్కిలి జీవముగల భాగము ఉత్తరములే యనియు, వానిని నాశనము చేయుట తగదనియు ఆమె వాదించెను. అనగా, ఈ విషయమున దంపతుల మధ్య భేదము కలదు. కుమారుడు తల్లి పక్షమును గైకొనెను. 1899లో ఆ ఉత్తరములు రెండు సంపుటములుగా వెలువడెను. కీట్సు కవి తన ప్రియురాలికి వ్రాసిన లేఖలు 1878లో అచ్చైనప్పుడు చెలరేగిన వివాదమే మరల రేగెను. తల్లిదండ్రుల ఏకాంతమును కుమారుడు సంతలో పెట్టెనని కొందరు, సాహిత్యమునకు మహోపకారము చేసెనని కొందరు అనిరి. కుమారుని మరణానంతరము 1913లో జరిగిన వేలములో ఆ ఉత్తరములు 6,550 పౌనులకు అమ్ముడుపోయెను.

రూడాల్ఫ్ బెసియర్ వ్రాసిన ‘ది బ్యారెట్స్ ఆఫ్ వింపోల్ స్ట్రీట్’ అను నాటకము 1930 ఆగస్టులో మాల్వర్న్ ఉత్సవమున మొదట ప్రదర్శింపబడెను. తరువాత లండనులోను, 1931లో న్యూయార్కులోను విశేష జనాదరణ పొందెను. న్యూయార్కున ఎలిజబెత్తు పాత్ర ధరించిన క్యాథరిన్ కార్నెల్ రెండవ ప్రపంచయుద్ధ కాలమున 1944లో ఇటలీలోని సైనికుల యెదుట కూడ ఈ నాటకము నాడెను. 1934లోను 1957లోను ఇది చలనచిత్రముగా వచ్చెను. ఈ నడుమ 1933లో వర్జీనియా ఉల్ఫ్ అను రచయిత్రి ఇదే కథను ఫ్లష్ దృష్టినుండి చెప్పుచు ఒక గ్రంథము వ్రాసెను. ఉత్తరముల పుస్తకమును చూడని లక్షలకొలది జనులకు ఆ ప్రణయము నాటకము ద్వారానే తెలిసెను.

నాటకకర్త ఎదుర్కొన్న కష్టము విచిత్రమైనది. ప్రేమికులు ఎడముగా ఉన్నప్పుడే ఉత్తరములు పుట్టును, కలిసినప్పుడు పుట్టవు. 573 ఉత్తరములు ఉన్నవి గాని, 91 దర్శనములలో వారేమి మాటాడుకొనిరో వ్రాసినవారు లేరు. రంగస్థలమునకు కావలసినవి ఆ దర్శనములే. ఉత్తరములను వేదికపై చదివించినచో అది పురాణపఠన మగును గాని నాటకము కాదు. కనుక బెసియర్ ఉత్తరములలోని స్వభావములను గ్రహించి సంభాషణలను కల్పించెను. ఇరువది నెలల కథను ఐదంకములలో, ఆ ఒక్క గదిలోనే నడిపించెను. ఇది యుక్తమైన ఏర్పాటు. ఆ గది గోడలు కదలకపోవుటవలన ఆమె బంధనము ప్రేక్షకులకు చెప్పకయే తెలియును. మొదటి దర్శనమున ఎలిజబెత్తు ‘సార్డెల్లో’లోని ఒక చోటును చూపి అర్థమడుగగా, అది వ్రాసిననాడు దేవునికిని తనకును అర్థము తెలిసియుండెననియు, ఇప్పుడు దేవునికొక్కనికే తెలియుననియు బ్రౌనింగు చెప్పినట్లు నాటకమున కలదు. ఆ చమత్కారము చాలకాలముగా సాహిత్యలోకమున వాడుకలోనున్నది. ఉత్తరములలో లేకపోయినను ఆ కవి స్వభావమునకు తగియున్నది గనుక అట్టి కల్పనను ఎవ్వరును తప్పుపట్టరు.

తప్పుపట్టదగినవి వేరు కలవు. నాటకాంతమున కుమార్తె వెడలిపోయినదని విన్న తండ్రి పగతో ఆమె కుక్కను చంపించుడని ఆజ్ఞాపించును. కుక్కను అక్క తనవెంట తీసికొనిపోయెనని హెన్రియెట్టా చెప్పును. ప్రేక్షకులు కరతాళ ధ్వనులు చేయుదురు. వేదికపై ఇంతకంటె బలమైన ముగింపు దొరకదు. కాని దీనికి ఆ ఉత్తరములలో ఆధారముండుటకు వీలులేదు. అవి ఆమె గడప దాటుటతోనే ముగిసినవి. అంతకంటె గొప్ప ఆక్షేపణ మరియొకటి కలదు. కుమార్తెయెడ తండ్రి అనురాగము ధర్మవిరుద్ధమైనదను సూచనను నాటకకర్త చేసెను. ఆ వంశమువారు దీనికి మనసు నొచ్చి అభ్యంతరము తెలిపిరి.

ఈ ఆక్షేపణను సాక్ష్యముతో విచారింపవలెను. తండ్రి రాత్రివేళ ఆమె గదికి వచ్చి కలిసి ప్రార్థన చేయుచుండెనని ఉత్తరములు చెప్పుచున్నవి. వివాహమను మాటను సహింపడనియు చెప్పుచున్నవి. కాని ఆ నిషేధము కుమార్తెలకు మాత్రమే కాదు, కుమారులకు కూడ వర్తించినది. ఆల్ఫ్రెడు పొందిన శిక్షయే అందుకు నిదర్శనము. ఒక కుమార్తెపైనున్న వ్యామోహమే కారణమైనచో కుమారుని ఏల శిక్షించెను? కనుక కాఠిన్యము చరిత్ర. ఆ కాఠిన్యమునకు నాటకము చెప్పిన హేతువు ఊహ. ఆ 573 ఉత్తరములలో తండ్రి వ్రాసినది ఒక్కటియు లేదు. ఆయన మనకు కనుపించునది ఆయనవలన బాధపడినవారి కన్నులతోనే. బాధపడినవారి సాక్ష్యము విలువైనదే గాని, అది సంపూర్ణ విచారణ కాదు.

ఆ తండ్రిని నిర్దోషియని విడువనక్కరలేదు. ముద్ర చిట్లని ఆ ఉత్తరముల కట్టయే ఆయనకు వ్యతిరేకమైన సాక్ష్యము. బానిసలపై అధికారమే ఆధారముగా పెరిగిన కుటుంబమున, తన మాటకు ఎదురులేదను అలవాటు ఇంటిలోనికి కూడ వచ్చి యుండవచ్చును. ఎలిజబెత్తు తన వంశపు ధనమునకు మూలమును మరువలేదు; పారిపోయిన ఒక బానిస స్త్రీ దుఃఖమును వర్ణించుచు వివాహానంతరము ఆమె ఒక కావ్యము ప్రకటించెను. కాని మొదటి కావ్యమును అచ్చువేయించిన తండ్రియు, ఉత్తరములను విప్పని తండ్రియు ఒక్కడే యను సత్యమును వేదిక పూర్తిగా చూపజాలకపోయెను. ఐదంకములలో ప్రేక్షకునికి ఒక విరోధి కావలెను. జీవితమున విరోధియే ఒకప్పుడు అత్యంత ప్రియమైనవాడు కూడ కావచ్చును. ఎలిజబెత్తు దుఃఖమంతయు ఇందే కలదు. ఆమె శత్రువునుండి పారిపోలేదు. తాను ప్రేమించిన తండ్రినుండి పారిపోయెను.

కావున నాటకకర్త స్వేచ్ఛకు హద్దు ఇచ్చట గోచరించును. లేఖలు మౌనముగానున్నచోట సంభాషణ కల్పించుట అతని హక్కు. కాలమును కుదించుట, స్థలమును ఏకము చేయుట అతని కళ. కాని జవాబు చెప్పజాలని మృతునిపై ఆధారములేని దోషమును మోపుట, ఆ పాత్రకు నిజమైన పేరే ఉంచుట న్యాయము కాదు. పురాణములోని రుక్మికి వారసులు వచ్చి అడుగరు; వింపోలు వీథి గృహస్థునకు మనుమలు ఉండిరి.

నాటకము వెలువడిన 1930లోనే ఆ ఉత్తరములను ఒక దాత అమెరికాలోని వెల్లెస్లీ కళాశాల గ్రంథాలయమునకు సమర్పించెను. ఆ ఇత్తడి రంధ్రముగల వింపోలు వీథి తలుపు కూడ అచ్చటనే కలదు. 1969లో వాని సమగ్ర ముద్రణము హార్వర్డు విశ్వవిద్యాలయము ద్వారా వెలువడెను. 2012లో వాని ఛాయాచిత్రములను అంతర్జాలమున అందరికిని అందుబాటులో నుంచిరి. నేడు నాటకమును చూచిన ఎవ్వరైనను మూలమును తెఱచి, నాటకకర్త ఎచ్చట నిజము చెప్పెనో, ఎచ్చట కల్పించెనో స్వయముగా తెలిసికొనవచ్చును. తండ్రికి చిట్టచివరకు న్యాయము జరుగుటకు మార్గమేదైన నున్నచో అది ఇదే. అది వేదిక చేసిన మేలు కాదు. గ్రంథాలయము చేసిన మేలు.

మన పల్లెలలోను పాత భోషాణములలో, అటుకలమీద, తీగకు గుచ్చి వ్రేలాడదీసిన కార్డులలో ఎన్నియో కుటుంబముల చరిత్రలు కలవు. బర్మాకు పోయిన కొడుకు వ్రాసినవి, అత్తవారింటినుండి ఆడుబిడ్డ వ్రాసినవి, అలిగి విడిపోయిన అన్నదమ్ములు వ్రాసినవి అందుండును. పెద్దలు గతింపగానే వానిని పొయ్యిలో వేయుట మనకు అలవాటు. బ్రౌనింగు వంటి మహాకవికే ఏవి కాల్చవలెనో, ఏవి దాచవలెనో తేలక, నిర్ణయమును కుమారునికి విడువవలసి వచ్చెను. అట్టిచో తొందరపడి కాల్చుటకంటె పెట్టెకు తాళమువేసి తరువాతి తరమునకు అప్పగించుట మేలు. పరుల రహస్యములను అంగడికెక్కింపవలెనని దీని భావము కాదు. కథలు చెప్పువారు ఏనాటికైనను పుట్టుదురు. ఆనాడు గతించినవారి పక్షమున సాక్ష్యము పలుకుటకు వారి చేవ్రాతయైనను మిగిలియుండవలెను.